చిన్నగీత, పెద్దగీత

చేతికి పని రాగానే బుద్ధి కూడా వచ్చేసిందనుకునే వయసు ఒకటుంటుంది. నాకది నిజాం పాలన చివరి రోజుల్లో, ఇరవయ్యో ఏట, పాలమూరులోని ఒక చిన్న అచ్చాఫీసులో వచ్చింది. సీసపు అక్షరాలు ఏరి వరుసగా కూర్చడం నా పని. మాకు పని నేర్పే ముసలాయనను అందరం ఉస్తాద్ అనేవాళ్లం. "చిన్నగీత తెగిన మాటను కలుపుతది, పెద్దగీత రెండు మాటలను ఎడంగ నిలబెడతది, యాది పెట్టుకో" అని ఆయన రోజూ చెప్పేవాడు. గీతలో చిన్నేమిటి, పెద్దేమిటి అని నేను లోలోపల నవ్వుకునేవాణ్ని (అక్షరాలు తప్పు లేకుండా కూర్చగలనన్న గర్వం మరి).

ఆ ఎండాకాలం అచ్చంపేట వైపు పల్లెల్లో గత్తర, అంటే కలరా, లేచింది. దవాఖాన డాక్టరుగారు కరపత్రం రాసి పంపాడు. "బావి నీళ్లు తాగవద్దు" అన్నాక పెద్దగీత, ఆ తర్వాత "కాచిన నీళ్లు, వేడి అన్నం, శుభ్రమైన చేతులు" అని ఉంది. ఉస్తాద్ జ్వరంతో ఇంట్లో ఉన్నాడు. 'తాగవద్దు' ఒక వరుసలో పట్టక, 'తాగ' దగ్గర విరిగింది. అక్కడ చిన్నగీత పెట్టాల్సిన నేను పెద్దది పెట్టాను. 'వద్దు' తర్వాత పెద్దగీత రావాల్సిన చోట చిన్నది అంటించాను. సరిచూసేవాళ్లు లేరు. కట్టలు పల్లెలకు పోయాయి.

శుక్రవారం సెలవుకు మా ఊరికి వెళ్లాను. అరుగు మీద బడిపంతులు నా కరపత్రమే చదువుతున్నాడు. నేను గర్వంగా మా అవ్వ పక్కన కూర్చున్నాను. ఆమెకు అప్పటికే చూపు పోయింది.

"బావి నీళ్లు తాగ. వద్దు కాచిన నీళ్లు, వేడి అన్నం, శుభ్రమైన చేతులు."

"బావి నీళ్లే తాగమన్నరు, కాచుడు వద్దన్నరు. మంచిదే, కట్టెలు మిగులుతయ్" అన్నాడు గొర్ల పెద్దయ్య.

అవ్వ తల అడ్డంగా ఊపింది. "చేతులు కడుక్కోవద్దని ఏ డాక్టరు చెప్తడు? రాసినోడు కాదు, అచ్చుకొట్టినోడు ఆగమైండు. జర మల్ల సదువు, పంతులూ."

ఆ అచ్చుకొట్టినవాడు ఆమె మోకాలి పక్కనే ఉన్నాడు. "అవ్వా, నేనే" అన్నాను. ఆమె చేత్తో తడిమి నా భుజం పట్టుకుంది. "గట్లనా. అయితే లేచి పో, బిడ్డా. ఎన్ని ఊర్లకు పోయినయో అన్నిటికీ పో."

ఎర్ర పెన్సిల్ పట్టుకుని నాలుగు రోజులు తిరిగాను. ప్రతి కాగితం మీదా గీతలు దిద్ది, పైకి చదివి వినిపించాను. ఒక పల్లెలో ఒక తల్లి గుడిసె ముందు కూర్చుని ఉంది. "మొన్నటిదాక కాచినం అయ్యా. మీ కాయితం వద్దన్నదని బంద్ చేసినం" అంది. లోపల ఆమె బిడ్డ వాంతులతో సొమ్మసిల్లి ఉంది. ఆ మాటలో కోపం లేకపోవడమే నన్ను ఎక్కువ కోసింది. పరుగెత్తి అచ్చంపేటలో మకాం వేసిన డాక్టరుగారిని తీసుకొచ్చాను. దారిలోనే తప్పంతా చెప్పేశాను. ఆయన నన్ను తిట్టలేదు. "ముందు ఆ పిల్లను చూద్దాం" అన్నాడు, అంతే. మూడో రోజుకు పిల్ల లేచి గంజి అడిగింది. అడగకపోయి ఉంటే ఈ సంగతి నవ్వుతూ చెప్పగలిగేవాణ్ని కాను.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు నేను గీతలు చూస్తూనే బతికాను. ఒకసారి స్నేహితుడి కూతురి పెళ్లిపత్రిక వస్తే, అందులో గీతలన్నీ రెండుసార్లు సరిచూసి, ముహూర్తం తేదీ మాత్రం చూడకుండా పెళ్లయిన మరునాడు వెళ్లాను. పందిరి విప్పుతున్నారు. పెళ్లికూతురి తల్లి ఏమీ అడగకుండా మిగిలిన లడ్డూ తెచ్చి పెట్టింది. పత్రికలో ఒక్క గీత కూడా తప్పు పోలేదని ఆమెతో చెప్పబోయి, ఊరుకుని, లడ్డూ తిన్నాను.