ఐలయ్య పేరు మీద బియ్యం

హన్మకొండ చౌరస్త దాటినంక ఒక సందుల చీరలకు ఫాల్సు కుట్టే చిన్న దుకాణం ఉంటది. అది శోభారాణిది. యాభై ఏండ్ల మనిషి, నోట్ల దారం పోగు పట్టుకుని గూడ గలగల మాట్లాడుతది. ఆమె కాడికి చీర పట్టుకపోయి పది నిమిషాల్ల ఇల్లు చేరుతమనుకుంటే అది మన పొరపాటే. మొన్నటి ఎండకాలం నుంచి ఆ ముచ్చట్లకు ఇంకోటి తోడైంది. ఇస్త్రీ పెట్టె రుద్దుకుంటనే, "అవునక్కా, మీది ఏ ఊరన్నరు? మీ ఊర్లె ఎర్ర స్తూపం ఉన్నదా?" అని అడుగుతది. బిడ్డ పెండ్లి చీర తెచ్చినామె బిత్తరపోదా మరి! "ఉన్నది గనీ, ఎందుకు?" అంటే, "మా తాతను దేవులాడుతాన" అని చెప్తది.

వరంగల్ చుట్టుముట్టు ఏ ఊరికి పోయినా, బొడ్రాయి కాడనో బస్సు ఆగే కాడనో ఎర్ర రంగేసిన స్తూపం ఒకటి కనవడుతది. నిజాం మీద, దొరల మీద, ఆ తర్వాత వచ్చిన మిలిటరీ మీద తుపాకి పట్టి ప్రాణమిచ్చినోళ్ళ పేర్లు దాని మీద ఉంటయి. మనం దాని నీడల నిలబడి బస్సుకు ఎదురు చూస్తం, మిర్చీలు తింటం. పేర్లు మాత్రం సదువం. శోభారాణి గూడ ఇన్నేండ్లు సదువలేదు. ఆమెతోని సదివిచ్చింది వాళ్ళమ్మ మొగిలమ్మ.

మొగిలమ్మకు డెబ్బై ఆరేండ్లు. ఎండలల్ల గుండె జర గాబరా అయితే దవాఖానల పండవెట్టిన్రు. ఇంటికొచ్చినంక బిడ్డను పక్కకు కూసోవెట్టుకుని, "నేను పోతే పెత్రమాసకు అందరికి బియ్యమిస్తవు గదనే. మరి మా నాయినకు ఎవరిస్తరు?" అన్నది.

పెత్రమాస అంటే పెద్దల అమాస. ఆ పొద్దు చాటల బియ్యం, పప్పు, కూరగాయలు, గుమ్మడికాయ ముక్క పెట్టి, పోయిన పెద్దోళ్ళ పేర్లు చెప్పి అయ్యగారికి ఇచ్చుకుంటరు. ఇయ్యకపోతే వాళ్ళు ఉపాసముంటరు. బతికున్నోళ్ళ పేరు మీద ఇస్తే అది ఇంకింత పాపం. మొగిలమ్మ తండ్రి ఐలయ్యకు ఇయ్యాల్టి దాక ఒక్క గింజ ముట్టలేదు. ఆయన సచ్చిండో బతికిండో ఆ ఇంట్ల ఎవలకు తెలిస్తే గద!

"అమ్మా, ఉంటే నూరేండ్లకు దగ్గరవడుతడే ఆయన. ఇంక యాడ బతికుంటడు? ఇచ్చెయ్ రాదు" అన్నది శోభారాణి.

"ఎట్ల పోయిండో తెలువాలె. కొట్లాటల పోయినాయననైతే ఇన్నేండ్లు ఉపాసముంచినం. మమ్ముల కాదనుకుని పోయినాయనకైతే, నేనెందుకియ్యాలె?" అన్నది మొగిలమ్మ. అని గోడ దిక్కు మర్లి పండుకున్నది.

దాని ఎనుక పెద్ద కథ ఉన్నది. ఐలయ్యది వర్ధన్నపేట దిక్కు పల్లె. పెండ్లాం సమ్మమ్మ కడుపుతోని ఉండంగనే దళంల కలిసి అడివికి పోయిండు. మొగిలమ్మ పుట్టింది. ఆయన రాలేదు. కొన్నాళ్ళకు ములుగు దిక్కు ఎడ్ల బేరానికి పోయినాయన ఒక వార్త మోసుకొచ్చిండు. వర్ధన్నపేట దిక్కు నుంచి వచ్చిన దళం పిలగానికి, ఎడమచేతి వాటపాయనకు, అడివిల ఏదో ఊర్లె పెండ్లి చేసిన్రట. ఏ ఊరో ఆయనకు తెలువది, పిల్ల ఎవలో తెలువది. ఐలయ్యది ఎడమచేతి వాటమే. ఇంకేం కావాలె, ఊరంత గుప్పుమన్నది.

సమ్మమ్మ ఏడ్వలేదు. కొంగు బిగించి నాట్లకు పోయింది. "ఆ సవితి కాడ సల్లగ ఉన్నడు గదా, ఉండనీ. ఆయన బతికుండంగ నేనెందుకు తీస్త బొట్టు?" అని గాజులు గూడ తియ్యలేదు. కూలికి పోయి బిడ్డను సాదింది. పొద్దున లేస్తే మాత్రం కండ్లతోని చూడని ఆ సవితిని తిట్టుడే తిట్టుడు. దాని చేతులిరగ, దాని ఇల్లు కూల, అని మొదలువెడితే వాకిలి ఊడ్చుడు అయిపోయేదాక ఆగేది గాదు. ముసలిదై సచ్చిపోయినప్పుడు పసుపు కుంకుమతోని, నిండు గాజులతోని సాగదోలిన్రు. మొగిలమ్మకేమో సవితి మీద కోపం లేదు. తనొకతి పుట్టిందని తెలిసి గూడ ఒక్కసారన్న వచ్చి చూసిపోబుద్ధి గాలేదా నాయినకు, అనే బాధ. అది ఎవలకు చెప్పుకోలేదు. లోపట్నే పెట్టుకుని ముసలిదైంది.

ఆ పొద్దు మొదలు శోభారాణి ఐతారమొస్తే దుకాణం బంద్ పెట్టి స్కూటీ తీసింది. ముందుగాల వర్ధన్నపేట దిక్కు స్తూపాలు సదివింది. ఒక ఊర్లె ఆమె పేర్లు రాసుకుంటాంటే చూసి, సర్కారోళ్ళ గొర్ల స్కీముకేమో అనుకుని ఒకాయన ఆధార్ కార్డు పట్టుకుని ఉరికొచ్చిండు. ఇంకో ఊర్లె 'ఐలయ్య' అని కనవడంగనే పెద్దగ కేకేసింది. పక్కన బీడీ తాగుతున్న మనిషి, "ఆయన మా తాత గదమ్మా" అన్నడు. వరంగల్ల ఐలయ్యలకు కరువా! ఇంట్ల మొగడు శేఖర్, "నువ్వు తాతను దొరకవట్టేలోపు నీ గిరాకీ అంత పక్క దుకాణంకు పోతది" అని నవ్వుతాంటే, "పోనీ తియ్, ఫికర్ లేదు" అన్నది గనీ, ఆమెకు గూడ లోపట మనసున పట్టలేదు.

ఇగ మిగిలింది ములుగు దిక్కు. వినాయకులను నీళ్ళల్ల ఏసిన తెల్లారి ఐతారం నాడు మొగిలమ్మ, "నేనూ వస్త" అని పంతం పట్టింది. ములుగు దాక బస్సు, ఆడికెల్లి జీపు. మూడో ఊర్లె, బడి పక్కన స్తూపం ఉన్నది. శోభారాణి కండ్లద్దాలు పెట్టుకుని పైకే సదివింది. పేరు పక్కన ఊరు, పేరు పక్కన ఊరు. అడుగున ఒకటి మాత్రం ఉత్త పేరే, 'గోపి'. ఊరు లేదు.

ఎదురింటి అరుగు మీద పోశయ్య అని ఒక ముసలాయన కూసోనున్నడు. తొంభైకి దగ్గరవడ్డడు గనీ చెవులు మంచిగనే ఇనవడుతయి. "తాతా, ఈ గోపిది ఏ ఊరు?" అని అడిగితే, "ఎవలకెరుక బిడ్డా" అన్నడు. "దళపోళ్ళు అసలు పేరు చెప్పకపోయేది. ఇంటోళ్ళ మీద మిలిటరోళ్ళు పడుతరని భయం. తొడల గుండు దిగితే మా కొట్టంల దాచిపెట్టినం. నేనప్పుడు పిలగాణ్ణి. మా అమ్మ గట్క పెడితే ఎడమచేత్తోని తినేటోడు. ఆ చెయ్యేందిరా అని మా అమ్మ కోపానికొస్తే, మా ఇంట్ల గూడ రోజూ ఇదే లొల్లి పెద్దమ్మా, అని నవ్వేటోడు. వర్ధన్నపేట దిక్కని ఒక్క పారి నోరు జారిండు. అంతే."

మొగిలమ్మ అరుగు మీద కూలవడ్డది. సమ్మమ్మ తనను గూడ అట్లనే తిట్టేది. మీ నాయిన బుద్ధే వచ్చింది నీకు, ఎడమచెయ్యి తియ్యవే, అని. అడుగుదామంటే నోరు రాలేదు. అడగకుంటే ఇంతదూరం వచ్చి లాభం లేదు.

"ఆయనకు ఈడ పెండ్లి చేసిన్రా అన్నా?"

పోశయ్య నోరు తెరిచిండు. "చేసినం. నీకెట్ల తెలుసు చెల్లె?"

శోభారాణి, అనవసరంగ తీసుకొస్తి గదా అమ్మను, ఇంటికాడ ఉన్నా పాయె, అనుకున్నది. మొగిలమ్మ మాత్రం తల దించుకునే, "ఏ ఇంటి పిల్ల?" అన్నది.

"పిల్లెక్కడిది చెల్లె! జిల్లేడు చెట్టుతోని చేసినం."

"చెట్టుతోనా?" అన్నది శోభారాణి.

"నాలుగొద్దులకు పాణం పోయింది" అన్నడు పోశయ్య. "పెండ్లి గాని మొగపిలగాడు పోతే జిల్లేడుతోని పెండ్లి చెయ్యకుండ సాగదోలరు గదా! సరిగ మీసాలు గూడ రాని మొఖం. ఆలి ఉన్నదని చెప్పలే, పిల్లలని చెప్పలే. పెండ్లి గాలేదనుకున్నం. మిలిటరోళ్ళు ఊరి బయట డేరాలేసుకుని ఉన్నరు, వద్దని మా నాయిన మొత్తుకున్నడు. మా అమ్మ ఇన్నదా! ఎవల కన్నబిడ్డనో ఏమో, ఇట్లనే పంపుతనా, అని జిల్లేడు కొమ్మకు పసుపు కొమ్ము కట్టి, ఆయన చెయ్యి ముట్టిచ్చి, అప్పుడు కొట్టం ఎనుక బొంద పెట్టనిచ్చింది."

మొగిలమ్మ ముందుగాల నవ్వింది. చిన్నగ మొదలైన నవ్వు ఆగలేదు. "ఓ శోభా, మీ అమ్మమ్మ సవితి జిల్లేడు చెట్టటనే! పొద్దున లేస్తే జిల్లేడు చెట్టును తిట్టిందటనే మా అమ్మ!" అని కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతనే ఏడ్చింది. "నాయిన మమ్ముల ఇడిచిపెట్టలేదే. రాలేకపోయిండు. నేను పుట్టిన ముచ్చట గూడ ఎరుక లేకనే పోయిండేమో" అని బిడ్డ భుజం మీద తల పెట్టింది. శోభారాణి గూడ నడి బజారని చూడకుండ ఏడ్చింది.

సంగతి అర్థమై పోశయ్య తల పట్టుకున్నడు. "అయ్యో, పెండ్లయినాయనకు పెండ్లి చేస్తిమా! తప్పు చేసినమా చెల్లె?"

"తప్పేంది అన్నా? మీరు చేసింది ఎవలు చేస్తరు?"

"మా అమ్మ ఉన్నన్ని రోజులు ఆమె ఇచ్చింది, ఆమె పోయినంక నేనిస్తాన. ప్రతి పెత్రమాసకు గోపి పేరు మీద బియ్యమైతే తప్పలేదు."

మొగిలమ్మ దిగ్గున లేచి ఆయన కాళ్ళు మొక్కబోయింది. పెద్దాయన కాళ్ళు ఎనుకకు గుంజుకున్నడు. "మా నాయిన ఉపాసం లేడన్నట్టు" అన్నది మొగిలమ్మ. "ఏ ఒక్క ఏడు గూడ లేడన్నట్టు."

పెత్రమాస నాడు చాట పట్టుకుని మళ్ళ ఆ ఊరికే పోయిన్రు. అయ్యగారు తల్లి పేరు అడిగితే సమ్మమ్మ అని, తండ్రి పేరు అడిగితే ఐలయ్య అని మొగిలమ్మ గట్టిగ చెప్పింది. అరుగు అవతల ఉన్నోళ్ళకు గూడ ఇనవడాలెనని చెప్పింది. పోశయ్య తన చాట చేతుల పట్టుకుని ఎనుకనే నిలబడ్డడు. "బిడ్డవు నువ్వొచ్చినవ్. ఇగ నేనియ్యొద్దేమో" అన్నడు.

"ఎందుకియ్యవన్నా? ఐలయ్యకు నేనిస్త, గోపికి నువ్వియ్యి."

ఆ పని అయినంక మొగిలమ్మ ఎవలకు చెప్పకుండ పోశయ్య కొట్టం ఎనుకకు నడిచింది. నాయినను బొంద పెట్టిన జాగల గుర్తు ఏం లేదు. బండలు, గడ్డి, వాటి నడుమ ఎవలు నాటకుండనే లేచిన జిల్లేడు గుబురు. సంచిలకెల్లి పసుపు, కుంకుమ, కొత్త రవికె గుడ్డ తీసింది. ఆకులకు బొట్లు పెట్టింది. రవికె గుడ్డను కొమ్మకు ఎడమచేత్తోనే ముడేసింది. ఎనుకనే వచ్చిన శోభారాణి అడ్డం పోలేదు.

"చిన్నమ్మా" అన్నది మొగిలమ్మ, చెట్టుకు చేతులు జోడించి. "మా అమ్మ నిన్ను శాన తిట్టింది. మాఫ్ చెయ్యి. మేమెవ్వరం లేమాయె. ఇన్నేండ్లు ఆయన పక్కన నువ్వొక్కదానివే ఉన్నవ్."