మట్టి రేణువు అన్నాను

ఒక అబద్ధాన్ని చాలా ఏళ్ళుగా మోస్తున్నాను. ఇంట్లో వాళ్ళకు కూడా తెలియదు. రోజూ డైరీ రాసే అలవాటు ఉన్నవాణ్ణి. కూరగాయల ధర నుంచి ఒంట్లో నలత దాకా అన్నీ రాసుకున్నాను. ఇది మాత్రం రాయలేదు. మీరెవరో నాకు తెలియదు, బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తొలకరి పడిన వారం, శుక్రవారం మధ్యాహ్నం. మేడ్చల్‌లో మా కాలేజీ ల్యాబు. ఉన్నవాళ్ళు: నేను, నా దగ్గర పరిశోధన చేస్తున్న సారా (అసలు పేరు ఇది కాదు), అటెండర్ యాదగిరి. నాలుగోది సీసాలో ఉంది.

ఆ నాలుగోది సాలీళ్ళకూ తేళ్ళకూ చుట్టం. బియ్యపు గింజంత ఉంటుంది. కొండి లేదు, కళ్ళు లేవు. తడి రాళ్ళ కింద బతుకుతుంది, ఎండ తగిలితే చస్తుంది. ఆడవన్నీ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. మగదానికి తోక చివర చిన్న గుబ్బ ఉంటుంది. ఆ గుబ్బ ఆకారాన్ని బట్టే అది తెలిసిన జాతా, కొత్తదా అని తేలుస్తాం. షామీర్‌పేట వైపు, దేవరయాంజాల్ దగ్గర ఒక మామిడితోటలో రాళ్ళు తిరగేసి తిరగేసి సారా ఆడవాటిని చాలా పట్టింది. మగది ఒక్కటే దొరికింది. దాని గుబ్బ గుండె ఆకారంలో, రెండు గుంటలతో ఉందని, అలాంటిది ఏ పుస్తకంలోనూ లేదని బొమ్మ గీసి తెచ్చింది. ఫోన్లలో ఫోటోలు తీసే కాలం కాదది. నేను చూసి ఔనంటే చాలు, ఆ జీవికి పేరు పెట్టవచ్చు.

యాదగిరి సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు. "ఏంది మేడమ్, గీ నలుసు కోసమేనా వానల తడుసుకుంట తిరిగింది? మా ఇంట్ల చీపురేస్తే గిసొంటియి మస్తు లేస్తయ్."

"దీనికి నీ పేరే పెడ్త తియ్, యాదగిరన్నా!" అంది సారా. నవ్వుకుంటూ ఇద్దరూ చాయ్ తేవడానికి క్యాంటీన్‌కు పోయారు.

సూది వాడొద్దు, సన్నని కుంచెతోనే తిప్పాలి అని ఏళ్ళ తరబడి విద్యార్థులకు చెప్పింది నేనే. కుంచె గది అవతలి మూల ఉంది. సూది చేతికి అందింది. జీవిని స్పిరిట్ పోసిన చిన్న గిన్నెలోకి తీసి చూస్తే, మైక్రోస్కోపు కింద గుబ్బ కనిపించింది. గుండె ఆకారం. రెండు గుంటలు. ఆమె గీసినట్టే ఉంది. ఇంకొంచెం పక్కకు తిప్పి చూద్దామనుకున్నాను. గుబ్బ ఊడి వచ్చింది.

అది గిన్నెలోనే, స్పిరిట్ అడుగున ఉంది. దాన్ని అదే సీసాలో వేసి, నా చేతిలో విరిగిందమ్మా అంటే సరిపోయేది. విరిగిన ముక్కతోనైనా వర్ణన రాయవచ్చు. నాకు తెలియదా? తెలుసు. అప్పుడే వరండాలో ఆమె చెప్పుల చప్పుడు వినిపించింది. సూది వాడినందుకు అంతకు కొద్దిరోజుల ముందే ఆమెను అందరి ముందూ తిట్టాను. అది గుర్తొచ్చింది. జీవిని సీసాలో వేసి, గిన్నెలోది సింకులో పారబోసి, కుళాయి తిప్పాను. విరగడం పొరపాటు. పారబోయడం పొరపాటు కాదు.

"చూసిన్రా సార్?"

"చూసిన. తోక విరిగి ఉందమ్మా. ఆడదే అయ్యుంటది."

"గుబ్బ ఉండె కద సార్. నిన్న మస్తు సేపు చూసిన."

"మట్టి రేణువు. కడిగితే పోయింది."

ఆమె జీవిని సీసాలోంచి మళ్ళీ గిన్నెలోకి తీసి, వంగి మైక్రోస్కోపులో చాలాసేపు చూసింది. నా చెయ్యి ఇంకా తడిగానే ఉంది. జేబులో పెట్టుకున్నాను. తలెత్తి నా మొహంలోకి చూసింది. నన్ను అనుమానిస్తుందనుకున్నాను. అనుమానించలేదు.

"గంత సేపు చూసి మట్టిని గీసిన్నా సార్?" అంది.

నేను చాయ్ గ్లాసు అందుకున్నాను.

ఎందుకు చేశాను? నా పేరు కోసమా? షామీర్‌పేట చుట్టుపక్కల కొత్తదేదీ దొరకదని పదే పదే అన్న నా మాట నిలబడాలనా? అడిగినప్పుడల్లా ఒక కొత్త జవాబు చెప్పుకుంటాను, కానీ కుళాయి తిప్పినప్పుడు నా చెయ్యి ఎంత మాత్రం తడబడలేదన్నది గుర్తొస్తే ఆ జవాబు నిలబడదు.

తర్వాత ప్రతి తొలకరికీ ఒక్కణ్ణే ఆ తోటకు పోయి రాళ్ళు తిప్పాను. ఆడవే దొరికాయి. ఒక ఏడాది నేను వెళ్ళేసరికి తోట లేదు. రాళ్ళు తీసేసి, వెంచర్ వేసి, ప్రహరీ కట్టారు. షామీర్‌పేట దాకా వెతికాను. లేదు. నేను అబద్ధం చెప్పిన ఏడాదే సారా పరిశోధన మానేసి అల్వాల్‌లో ఒక బడిలో టీచరుగా చేరింది. తన కళ్ళను తానే నమ్మలేకపోతున్నానని ఎవరితోనో అన్నదట. ఇది చదివితే ఆమె గుర్తుపడుతుంది. పట్టాలి.

ఆ శుక్రవారం డైరీలో 'వాన' అని ఒక్క మాట ఉంది. మర్నాటి పేజీ ఖాళీ.

మర్నాడు పొద్దున సారా నాకంటే ముందే వచ్చి ల్యాబు తలుపు దగ్గర నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. చేతిలో ఆ బొమ్మ. తోక చివరి గుబ్బను రబ్బరుతో తుడిచేసింది. అక్కడ కాగితం పలచబడింది, గుండె ఆకారం ఇంకా లీలగా కనిపిస్తోంది.

"ఇప్పుడు కరెక్టేనా సార్?"

"కరెక్టే," అన్నాను.

కాదు సారా. గుబ్బ ఉండె. నేను చూసిన.