థర్మామీటరుకు పెట్టిన బొట్టు

ఇరవై ఏళ్ళు నిండని ఆ రోజుల్లో నాకు పని మీద కంటే భక్తి మీదే నమ్మకం ఎక్కువ. పెద్ద యుద్ధం నడుస్తోంది. బెంగళూరు దండులోని సోల్జర్ల కోసం చిక్కబళ్ళాపురం అవతల ఒక చిన్న బీరు ఫ్యాక్టరీ వెలిసింది. నేనక్కడ చేరాను. చింతామణిలో అంగడి నడిపే మా నాయనకు మాత్రం ఐసు ఫ్యాక్టరీ అని చెప్పాను (అక్కడ ఐసు కూడా తయారయ్యేది కాబట్టి అది పూర్తి అబద్ధమని ఇప్పటికీ ఒప్పుకోను). మా మేస్త్రిని అందరూ చల్లప్ప అనేవారు. చలువ యంత్రం ఆయన చేతిలో ఉండేది, కోపం ఆయన దగ్గర ఉండేది కాదు. బీరు పులిసేటప్పుడు తొట్టెలో వేడి దానంతట అదే పుడుతుంది. దాన్ని అణచడానికి లోపలి గొట్టపు చుట్టల్లో బాగా చల్లార్చిన ఉప్పునీళ్ళు పారిస్తారు. గంటకోసారి థర్మామీటరు చూసి, వేడి ఫారన్‌హీటులో యాభై ఎనిమిది డిగ్రీలు దాటితే ఉప్పునీళ్ళ వాల్వు తిప్పడం, తగ్గితే కట్టెయ్యడం నా ఉద్యోగం.

ఆయుధపూజ నాడు పనిముట్లకు బొట్లు పెట్టే భాగ్యం నాకు దక్కింది. సుత్తికి, పంపుకు పెట్టాక, రెండో తొట్టె థర్మామీటరును కూడా బయటికి తీసి కడిగాను. నీళ్ళలో కలిపిన కుంకుమతో గాజుకడ్డీకి ధారాళంగా బొట్టు పెట్టి, దండం పెట్టుకుని మళ్ళీ గుచ్చాను. బుడ్డి తొట్టె లోపల, కడ్డీ బయట. అందులో పైకెక్కేది పాదరసం కాదు, ఎర్ర స్పిరిట్టు. నా కుంకుమ సన్నగా కిందిదాకా కారి, అచ్చం ఆ ఎర్రగీత మాదిరే ఎండిపోయింది. మరుసటి ఉదయం గుడ్డి దీపం వెలుతురులో చూస్తే వేడి అరవై నాలుగు! వాల్వు తిప్పాను. గంట తర్వాతా అరవై నాలుగే. ఇంకా తిప్పాను.

"మేస్త్రన్నా, రెండో తొట్టె వేడి దిగడం లేదన్నా" అన్నాను.

చల్లప్ప పంపు మీద చెయ్యి పెట్టి చూశాడు, తిరుగుతోంది. పంపులోని జల్లెడ విప్పి కడిగాడు. ఉప్పునీళ్ళు నాలుకకు తాకించుకుని "ఉప్పు సరింగానే ఉండాదప్పా" అన్నాడు. గొట్టాల మీద మంచు తెల్లగా పేరుకుంది. "ఇంత సల్లదనం యాడికి పోతాండాది?" అని పాపం రెండు రోజులు యంత్రమంతా విప్పి బిగించాడు. ఈలోగా తొట్టె మీది నురుగు అణిగిపోతే, పూజ ఫలించి బీరు శాంతించిందని నేను సంతోషించాను కూడా.

అణిగిన ఆ నురుగు చూడగానే, పులవడమే ఆగిపోయిందని తెలిసి చల్లప్ప ముఖం మాడిపోయింది. తొట్టె మీద అరచెయ్యి ఆనించి చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. "ఇది అరవై నాలుగా? చేతిని కొరుకుతాండాది గదప్పా!" అని థర్మామీటరు లాగి, పంచె చెంగుతో తుడిచాడు. నా ఎర్రగీత ఆ చెంగుకు అంటుకుంది. అసలు గీత నలభై ఒకటి దగ్గర ఉంది.

గోనెసంచులు గోరువెచ్చటి నీళ్ళలో ముంచి తొట్టెకు చుట్టాం. రెండు రోజులు కాచినా నురుగు లేవలేదు. బీరు పాడై మోరీ పాలయింది. యజమాని వచ్చి, థర్మామీటరు చేతిలోకి తీసుకుని "దీనికి బొట్టు పెట్టింది ఎవురు?" అని అడిగాడు. "నేనే స్వామీ" అన్నాడు చల్లప్ప. యజమాని యంత్రం గది తాళంచెవి అడిగి తీసుకున్నాడు. చల్లప్ప తన ఊరు చాకవేలుకు వెళ్ళిపోయాడు. సిగ్గుపడుతూనే చెబుతున్నాను, నేను నోరు విప్పలేదు.

మరుసటి దసరాకు మనసు ఆగక, బొగ్గుతో నడిచే బస్సులో బాగేపల్లి చేరి, చాకవేలుకు నడిచాను. ఆయన వేరుశనగ పెరుకుతున్నాడు. "అన్నా, ఆ బొట్టు పెట్టింది నేను" అన్నాను. నాకు ఏడుపొచ్చేసింది.

"నాకు తెలీదా? అంతంత బొట్లు ఇంకెవురు పెడతారప్పా?"

"మరి ఎందుకన్నా మీ మీద వేసుకున్నారు?"

చెట్టు దులిపి మట్టి రాలుస్తూ అన్నాడు: "మీ నాయనకు ఐసు ఫ్యాక్టరీ అని చెప్పిండావు గదా. పని పోయి ఇంటికి పోతే, యా ఫ్యాక్టరీలో ఏం చెడిపాయనని చెబుదువు?"

ఇప్పటికీ ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా థర్మామీటరును పంచె చెంగుతో తుడిచి గానీ చూడను. "దాంట్లో ఉండేది పాదరసం తాతా, ఎర్రది కాదు" అని మనవరాలు నవ్వుతుంది. నేనూ నవ్వి, మరోసారి తుడుస్తాను.