ఆరు సిట్టింగులు

నాకు కూర్చోవడం రాదు. ఓపీలో కుర్చీ ఉన్నా సగం మంది రోగులను నిలబడే చూస్తాను. సాయంత్రం కారు మడికొండలో మా ఇంటి గేటు దాకా పోతుంది, సరిగ్గా అక్కడే అనుమానం మొదలవుతుంది: కిటికీ పక్క మంచం మీదున్న ముసలాయనకు మందు మోతాదు సరిగ్గా రాశానా? ఫోన్ చేస్తే నర్సు సరిగ్గానే ఉందంటుంది. నమ్మకం కుదరదు. మళ్ళీ దవాఖానకు వెళ్ళి చూస్తాను. సరిగ్గానే ఉంటుంది. "కాలు గాలిన పిల్లి లెక్క తిరుగుతానవ్, జర కూసో బిడ్డా," అంటుంది అమ్మ. ఇదొక జబ్బు కావచ్చని నేను ఎవరితోనూ అనలేదు.

అలాంటి నాకే మా డిపార్ట్‌మెంట్‌లో ఆ పథకం బాధ్యత అప్పగించారు. డ్యూటీలు చేసి చేసి అలసిపోయి, లోలోపల కుంగిపోయే డాక్టర్ల కోసం ప్రభుత్వం నిధులిచ్చింది. ఒక గది, ఒక కౌన్సెలర్, ఒక్కో డాక్టరుకు ఏడాదికి ఆరు సిట్టింగులు. పాత స్టోర్ రూమ్ ఖాళీ చేయించి, సున్నం వేయించి, కొత్తవాడ నుంచి నీలం చారల జంపఖానా తెప్పించి పరిచాం. తలుపు మీద బోర్డు వద్దన్నది నేనే. ఎవరైనా చూస్తారని భయం.

గది తయారైంది గానీ కౌన్సెలర్ రాలేదు. ఆ నియామకం ఫైలు హైదరాబాద్‌లో బల్లలు మారుతోంది. ఈలోగా పైనుంచి ఉత్తరం వచ్చింది: వినియోగం చూపించకపోతే నిధులు వెనక్కి. వెనక్కి పోయినవి మళ్ళీ రావని నా సర్కారు నౌకరీ నాకు బాగానే నేర్పింది.

"ఫికర్ చెయ్యకుండ్రి మేడం. రిజిస్టర్ నింపుదాం. మంచి పనికే గదా," అన్నాడు మా ఆఫీసు గుమాస్తా.

రిజిస్టర్ పట్టుకుని వార్డులన్నీ తిరిగాడు. ఇది ఏం కాగితమని ఒక్కరూ అడగలేదు. శిక్షణ కాగితమైనా, హాజరు కాగితమైనా చూపించిన చోట సంతకం పెట్టి రౌండ్స్‌కు పరుగెత్తడం మాకు అలవాటే. అలా మా డిపార్ట్‌మెంట్ డాక్టర్లందరికీ, ఇంకా రాని కౌన్సెలర్ దగ్గర, ఆరేసి సిట్టింగులు పూర్తయ్యాయి. నిజమేనని కింద నేను సంతకం చేశాను. ఒక్క పేరు మాత్రం రాయనివ్వలేదు. అది నాది. కౌన్సెలింగ్‌కు పోయినట్టు అబద్ధంగానైనా రికార్డులో ఉండటం నాకు నామోషీ అనిపించింది. మిగతావాళ్ళ పేర్ల దగ్గర ఆ నామోషీ గుర్తు రాలేదు.

రెండు నెలలకు కౌన్సెలర్ వచ్చింది. చిన్న వయసు, కాంట్రాక్టు ఉద్యోగం. మా డిపార్ట్‌మెంట్ నుంచి ఆ గదికి ఎవరూ పోలేదు. నేనూ పట్టించుకోలేదు.

ఒక శుక్రవారం పొద్దున వార్డు చివర మా పీజీ అమ్మాయి కనిపించింది. పత్తి పండించే ఇంటి నుంచి వచ్చి, మా దగ్గర రెండో ఏడాది చదువుతోంది. నల్లా తిప్పి, చేతులు ధార కింద పెట్టి, కడుక్కోకుండా అలాగే నిలబడి ఉంది.

"ఏందమ్మా, ఏమైంది?"

"నిన్న చౌరస్తాల రోడ్డు దాటుతాంటే బస్సు వచ్చింది మేడం. పక్కకు జరగబుద్ధి కాలే." ఆ మాట రక్తపరీక్ష ఫలితం చెప్పినంత మామూలుగా చెప్పింది. "ఎవరో గుంజిన్రు."

సైకియాట్రీ ఓపీకి పోదామంటే తల అడ్డంగా ఊపింది. అక్కడ తన బ్యాచ్ వాళ్ళే ఉంటారట. చెయ్యి పట్టుకుని కౌన్సెలర్ గదికి తీసుకుపోయాను.

కౌన్సెలర్ రిజిస్టర్ తెరిచి ఇబ్బందిగా చూసింది. "మేడం, వీళ్ళవి ఆరూ అయిపోయినయి. ఏడోది రాస్తే తనిఖీల నన్నడుగుతరు. రాయకుంట కూసోబెడితే నా నౌకరీ పోతది."

అమ్మాయి వంగి పేజీ చూసింది. ఆరు గళ్ళలో ఆరు సంతకాలు, అన్నీ తనవే. నా వైపు తిరిగింది.

"నేనెప్పుడొచ్చిన మేడం?"

తల కొట్టేసినట్టయింది. "పోనీయుండ్రి మేడం, వార్డుల పనున్నది," అంటూ అమ్మాయి తలుపు వైపు కదిలింది.

పెన్ను లాక్కుని కొత్త పేజీలో నా పేరు రాశాను. సంతకం పెట్టాను. "ఈ గంట నాది. అందులో ఎవరు కూసోవాల్నో నేను చెప్త," అని ఆమెను కూర్చోబెట్టి తలుపు దగ్గరికేసి బయటికి వచ్చాను.

ఆ గంటంతా వరండాలో తిరుగుతూనే ఉన్నాను. గుమాస్తా ఎదురొచ్చి, "లోపట ఎవలున్నరు మేడం?" అన్నాడు.

"నేనే ఉన్న," అన్నాను. అతను నన్నూ తలుపునూ మార్చి మార్చి చూసి వెళ్ళిపోయాడు.

తర్వాత నాలుగు శుక్రవారాలు నా పేరు మీద ఆమె కూర్చుంది. కౌన్సెలర్ చెప్పిన వేరే ఊరి డాక్టరు దగ్గరికీ పోయింది, మందులు వాడింది, సెలవు పెట్టి వారం రోజులు ఇంటి దగ్గర పడుకుంది. రిజిస్టర్‌లో మొదటి పేజీలు అబద్ధమని, డాక్టర్ల సిట్టింగులు వాళ్ళకు తిరిగి ఇవ్వాలని నేను పైకి ఉత్తరం రాశాను. జవాబుగా మెమో వస్తుందో, నిధులే పోతాయో తెలియదు. రోజుకు నాలుగుసార్లు తపాలా చూస్తున్నాను.

ఆరో శుక్రవారం నా పేరు రాసి, సంతకం పెట్టి, లోపలికి పొమ్మన్నాను. అమ్మాయి వరండా బెంచీ మీంచి లేవలేదు.

"ఇదొక్కటన్న మీరు పోండ్రి మేడం. పేరు మీదే గదా."

"నాకేమైందమ్మా?"

"మొన్న ఒక ముసలాయన మందుల కాగితం చూడనీకి ఇంటికాడి నుంచి మూడుసార్లు వచ్చిన్రు. వార్డుల అందరికి ఎర్కే మేడం. మీకే ఎట్ల చెప్పాల్నని ఊకున్నం."

లోపలికి పోయాను. కౌన్సెలర్ కుర్చీ చూపించింది. కాసేపు జంపఖానా చారలు చూస్తూ నిలబడ్డాను. బయట వరండాలో, నా కోసం, అటూ ఇటూ నడుస్తున్న ఆమె చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. కూర్చున్నాను.