ఉయ్యాలలో హార్డ్ డిస్క్

ఆ మధ్యాహ్నం గదిలో ఉన్నవాళ్లు: నేను, అమ్మ, అక్క, బావ, వాళ్ల ఎనిమిది నెలల పాప. ఉన్న వస్తువులు: నాకంటే ముందు ఎవరో వాడి అమ్మేసిన లాప్‌టాప్, హార్డ్ డిస్క్ బదులు పెట్టే కొత్త ఎస్ఎస్‌డీ, పాత హార్డ్ డిస్క్‌ను బయటి నుంచి తగిలించుకునే చిన్న డబ్బా, స్టార్ స్క్రూడ్రైవర్, పళ్లు తోముకునే పాత బ్రష్, స్క్రూలు కలిసిపోకుండా వేసుకోవడానికి అమ్మ ఇచ్చిన ఇడ్లీ ప్లేటు. పైకప్పు కొక్కేనికి పాప చీర ఉయ్యాల. కింది అంతస్తులో పన్నెండు మరమగ్గాలు. వాటినీ లెక్కలో వేయాలి. అవి నడుస్తుంటే మా ఇంట్లో గ్లాసులో నీళ్లు కూడా నిలకడగా ఉండవు.

నేను చీర అంచులకు డిజైన్లు గీసి మగ్గాల వాళ్లకు అమ్ముతాను. మగ్గానికి ఎక్కేది తుది ఫైలు, పెన్‌డ్రైవ్‌లో వెళ్లిపోతుంది. పువ్వును చిన్నది చేయాలన్నా, రంగు తీయాలన్నా అసలు ఫైలు కావాలి. నా అసలు ఫైళ్లన్నీ, ఒకటి నుంచి నాలుగు వందల పన్నెండు దాకా, ఆ పాత హార్డ్ డిస్క్‌లోనే ఉన్నాయి. అది వారం రోజులుగా టిక్కు టిక్కుమంటోంది. లాప్‌టాప్ ఆన్ చేసి, స్నానం చేసి వచ్చినా ఇంకా తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి.

ఈ సంగతి రింగ్ రోడ్‌లో చీరల దుకాణం ఉన్న ఒక సేఠ్‌కు తెలిసింది. తన ఆఫీసుకు వచ్చి తన కంప్యూటర్ మీద గీయమన్నాడు. నెల జీతం. గీసినవన్నీ ఆయనవి. సాయంత్రంలోగా చెప్పమన్నాడు. డిస్క్ పోతే నా దగ్గర అమ్ముకోవడానికి ఏమీ మిగలదు, అప్పుడు ఆ కుర్చీలో కూర్చోక తప్పదు. ఆయనకూ ఆ లెక్క తెలుసు.

ఎస్ఎస్‌డీ అమ్మిన షాపతను కూడా లాప్‌టాప్‌ను భంగార్‌లో వేసేయమన్నాడు, అంటే పాత ఇనుము కింద. పాతదని పారేయమనేవాడు అందులో ఏది పాతబడిందో ముందు చెప్పాలి. ప్రాసెసర్ బాగుంది. తెర బాగుంది. కీబోర్డులో ఒక్క అక్షరం తప్ప అన్నీ పడుతున్నాయి. కింద నడిచే మగ్గాలు నాకంటే వయసులో పెద్దవి. బెల్టు తెగితే బెల్టు మారుస్తారు, మగ్గాన్ని తూకానికి వేయరు.

వెనక స్క్రూలు విప్పి ఇడ్లీ గుంటల్లో పొడవును బట్టి వేశాను. మూత తీస్తే ఫ్యాన్ కనిపించలేదు. దాని చుట్టూ దారపు ధూళి దుప్పటిలా పేరుకుంది.

"ఏంది బామ్మర్దీ, లోపట పరుపు కుట్టిచ్చినవా?" అన్నాడు బావ. ఆయన ఊరి చివర సచిన్ అనే పేటలో ఒక మిల్లులో పని చేస్తాడు, ఆ రోజు సెలవు. "గీ డబ్బాకు ఆపరేషన్ దేనికి? సేఠ్ ఏసీల కూసోవెడ్త అంటున్నడు గదా."

"ఏసీ ఆయనది బావా. డిజైన్ నాది."

"డిజైన్ నీదే. మరి డబ్బా లేస్తదా?"

బ్రష్‌తో ధూళి తీశాను. పాత డిస్క్ విప్పి, ఆ చోట ఎస్ఎస్‌డీ బిగించాను. దాని మీద విండోస్ ఎక్కించాను. ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు. పాత డిస్క్‌ను డబ్బాలో పెట్టి, కేబుల్ తగిలించి, ఫైళ్లు కాపీ మొదలుపెట్టాను. ముప్పై దాకా వచ్చి ఆగింది. టిక్కు టిక్కు. చాలాసేపటికి ఒకటి కదిలింది, మళ్లీ ఆగింది.

ఇంతలో కింద మగ్గాల లైను ట్రిప్పయింది. మా గది కరెంటు వేరు, అది పోలేదు. మగ్గాలన్నీ ఒక్కసారి ఆగేసరికి చెవుల్లో గుయ్యిమంది. తెర మీద ఫైళ్లు బిలబిలా రాసాగాయి. యాభై, అరవై, డెబ్బై. మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి. కాపీ నిలిచిపోయింది.

హార్డ్ డిస్క్ లోపల పళ్లెం తిరుగుతుంది, దాని మీద వెంట్రుకవాసి ఎత్తులో సూది లాంటిది కదులుతుంది. అసలే అరిగిన ఆ సూదిని మగ్గాలు కుదురుగా నిలవనివ్వడం లేదు. నేల మీద పెట్టినా, మంచం మీద పెట్టినా అదే వణుకు. వారపు సెలవు మొన్ననే అయిపోయింది, మగ్గాలు ఇక ఇప్పట్లో ఆగవు. గదిలో నేలను, గోడను తాకనిది ఒక్కటే కనిపించింది.

"అక్కా, పాపను జర ఒళ్లె ఏసుకో."

"గిప్పుడే పండుకుందిరా. ఎందుకు?"

"డిస్క్‌ను పండవెట్టాలె."

అమ్మ బియ్యం ఏరడం ఆపింది. "పెండ్లి కాకముందే ఉయ్యాలల ఏస్తున్నడు," అంది.

"జోల పాడాల్నా?" అన్నాడు బావ, ఉయ్యాల మీద చెయ్యి వేయబోతూ.

"ఊపితేనే ఖరాబైతది. ముట్టకు బావా."

పాప లేచి ఏడ్చింది. అక్క నన్ను తిడుతూనే పాపను తీసుకుంది. డిస్క్‌ను చీరలో పడుకోబెట్టి, ఉయ్యాల కదలకుండా పట్టుకుని, మెల్లగా వదిలాను. కేబుల్ పొడవు చాలక లాప్‌టాప్‌ను స్టూలు మీదికి ఎత్తాను. మగ్గాలు నడుస్తూనే ఉన్నాయి. కాపీ కదిలింది. పరుగెత్తలేదు, కానీ ఆగనూ లేదు.

నూట అరవై దగ్గర సేఠ్ ఫోన్ చేశాడు.

"కల్ సే ఆ రహా హై నా?" అన్నాడు, రేపటి నుంచి వస్తున్నావు కదా అని.

బావ నా వైపు చూశాడు. ఫైళ్లు పూర్తయ్యాక చెప్పొచ్చు. పది నిమిషాల్లో చేస్తానని ఫోన్ పెట్టేయొచ్చు. కానీ అప్పుడు నా జవాబు ఆ డిస్క్ చెప్పినట్టవుతుంది, నేను చెప్పినట్టు కాదు.

"నహీ సేఠ్. డిజైన్ కావాలంటే ఎలాంటిదో ఫోటో పంపండి. ఇక్కడే గీస్తా."

"దూస్రా ఆద్మీ దేఖ్ లూంగా." ఇంకొకరిని చూసుకుంటాడట.

"దేఖ్ లో సేఠ్."

అమ్మ హిందీ అంతా అర్థమైనా అర్థం కానట్టు బియ్యం వైపే చూస్తూ, "ఉన్నయన్నీ వచ్చినయా మరి?" అంది.

"ఇంకా రాలేదమ్మా."

"రాకముందే అన్నవా?"

"అన్న."

ఆమె చేటను ఒకసారి గట్టిగా చెరిగి మళ్లీ ఏరసాగింది.

షిఫ్టు మారేసరికి కాపీ ముగిసింది. కొన్ని ఫైళ్లను చదవలేనన్నది డిస్క్. వాటిని మళ్లీ అడిగాను, మళ్లీ అదే మాట. అక్క డిస్క్‌ను తీసి నా చేతిలో పెట్టి, పాపను మళ్లీ ఉయ్యాలలో పడుకోబెట్టింది. లాప్‌టాప్ మూత బిగించి ఆన్ చేశాను. బావ చాయ్ గ్లాసు నోటిదాకా తీసుకెళ్లేలోపే తెర వెలిగింది. ఆయన తెరను చూస్తూనే చాయ్ తాగాడు.

ఫోల్డర్ తెరిచి లెక్క చూశాను. నాలుగు వందల పన్నెండులో నాలుగు వందల తొమ్మిది.