పై ముడతా, కింది ముడతా

యాడి పోయింది. పోయిన వారం ఒకరోజు పొద్దున్నే కేసముద్రం నుంచి మా బాపు ఫోన్ చేశాడు. "మిరప చేనుకు పోదామని లేసిందట. గడప కాడనే కూలబడ్డదట" అన్నాడు. మా చేను గట్టుకు అవతలి చేను ఆమెది. యాడి అంటే వాళ్ల తండా భాషలో అమ్మ. మేం తండావాళ్లం కాకపోయినా మాకూ ఆమె యాడే.

నేను ఊరికి చేరేసరికి, పలకరించడానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన "పాపం, చదువు లేని మనిషి" అన్నాడు. అప్పటి నుంచి నాకు ఒళ్లు మండుతూనే ఉంది. ఇది ఆ మాటకు నా జవాబు.

హైదరాబాదులో ఫోన్ ఆప్‌లు తయారుచేసే చిన్న ఆఫీసు మాది. కొన్నేళ్ల కింద మిరప తెగుళ్ల ఆప్ ఒకటి చేశాం. వరసగా ఆకుల ఫోటోలు, పక్కన తెగులు పేరు, నొక్కితే పేరూ మందూ చదివి వినిపించే గొంతు. ఇంటికి వచ్చినప్పుడు దాన్ని యాడి ఫోన్లో వేసిచ్చాను. మూల పగిలిన పాత ఫోన్. తండాలో సిగ్నల్ ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు.

మరునాడు గట్టు మీద నిలబడి పిలిచింది. చేతిలో మిరపాకు.

"బిడ్డా, గీ ఆకు ఎటు ముడుసుకున్నది?"

"పైకి."

"నీ బొమ్మల గూడ పైకే ఉన్నది. మరి నీ ఫోను కింది ముడత అంటదేంది? పై ముడతంటే తామర పురుగు, కింది ముడతంటే నల్లి. దాని మందు దీనికి కొడితే పోయేది నా చేను, నీది కాదు."

ఆఫీసులో చెబితే మావాళ్లు పది ఫోన్లలో చూశారు. అన్నింట్లో సరిగ్గానే ఉంది. ఫిర్యాదుల జాబితాలో "వాడేవాళ్ల పొరపాటు" అని రాసి మూసేశారు. నేనూ తలూపాను. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

"పొరపాటు నీదేనంటున్నరు యాడీ" అని చెప్పాను. ఆమె కోపపడలేదు. "కుర్చీల కూసోని చూస్తే మీకెట్ల కానొస్తది? గీడికొచ్చి గట్టు మీద కూసో" అంది.

కూర్చున్నాను. వేలితో వరసను పైకి జరుపుతుంటే అర్థమైంది. ఒక్కో తెగులు ఫోటో, పేరు ఒక్కో గడిలో ఉంటాయి. తెర మీంచి జారిపోయిన గడినే ఆప్ మళ్లీ కింద ఇంకో తెగులుకు వాడుకుంటుంది. పేరు, గొంతు వెంటనే మారతాయి. ఫోటో మాత్రం నెట్ మీద, దూరాన ఉన్న మా సర్వరు నుంచి రావాలి. అది వచ్చేదాకా పాత ఫోటో అక్కడే తిష్ఠ వేస్తుంది. ఆఫీసు నెట్‌లో అది రెప్పపాటు. తండాలో మందు కలుపుకొని చేను సగం కొట్టేంత సేపు. చదువుకున్న మేమంతా పేరు చూసి సరిపెట్టుకున్నాం. ఆకును చూసింది ఆమె ఒక్కతే.

గడి మారగానే పాత ఫోటో తీసేసేలా, దాన్ని పంపమని సర్వరుకు వెళ్లిన కబురు ఆపేసేలా మార్చాను. అగ్గిపెట్టెంత గడికి గోడంత ఫోటో పంపడం మానిపించాను. అయినా తెరిచిన ప్రతిసారీ అవే ఫోటోలు మళ్లీ మొదటి నుంచి దిగేవి. యాడి నవ్వింది. "కుండల నీళ్లుండంగ మల్ల బాయికి ఎవలు పోతరు బిడ్డా?" అప్పటి నుంచి వచ్చిన ఫోటోను ఫోన్లోనే దాచిపెట్టాం. కొన్నాళ్లకు మేం ఒక ఫోటో మార్చినా ఆమెకు పాతదే కనబడుతుంటే దానికీ తిట్లు తిన్నాను. "నింపుకొమ్మన్న గని, పాశి పట్టేదాక ఉంచుమన్ననా?"

ఆ మూసేసిన ఫిర్యాదును నేనే మళ్లీ తెరిచాను. "వాడేవాళ్ల పొరపాటు" కొట్టేసి, "మా పొరపాటు. పట్టుకున్నది తండా రైతు" అని రాశాను. అలా రాస్తే ఆఫీసు పరువు పోతుందని, తీసేయమని మేనేజరు అన్నాడు. తీయలేదు. తీయను. పరువు నిలబెట్టిందే ఆమె.

కర్మకాండ అయ్యాక గట్టు మీదికి వెళ్లాను. యాడి కోడలు చేనులో ఉంది, చేతిలో అదే పగిలిన ఫోన్. సిగ్నల్ లేదు. అయినా ఫోటోలన్నీ ఉన్నాయి, యాడి చూసి చూసి ఉంచినవి. కోడలు పదో తరగతి చదివింది, పేరు చదువుకోగలదు. చదవలేదు. ముందు ఆకును తిప్పి చూసింది.