మంచం మీద నేను, కుర్చీలో పెద్దనాయిన

ఫిజియోథెరపీ పట్టా చేతికొచ్చిన ఆ కొత్తల్లో, మనిషి ఒంట్లో ఉన్న కీళ్లన్నీ నా మాట వింటాయనే నమ్మకంతో తిరిగేదాన్ని. కీళ్లు వింటాయేమో గాని వాటి యజమానులు వినరని కాలేజీలో ఎవరూ చెప్పలేదు. సూర్యాపేటలో ఒక చిన్న క్లినిక్‌లో చేరిన నెలకే మా సారు పిలిచి, గరిడేపల్లి దగ్గరి ఊళ్లో మోకీలు మార్పిడి ఆపరేషన్ అయిన పెద్దమనిషి ఉన్నాడనీ, రోజూ ఇంటికెళ్లి వ్యాయామం చేయించాలనీ చెప్పారు. "రెండు వారాల్ల కాలు తొంభై డిగ్రీలు వంగాలమ్మా. లేకుంటే మళ్ల మత్తిచ్చి వంచాల్సొస్తది" అన్నారు. ఇంటికెళ్లి చేయాల్సిన నా మొదటి కేసు అది. (తెల్లకోటు రెండుసార్లు ఇస్త్రీ చేసుకున్నాను.)

ఆయన్ని ఊరంతా పెద్దనాయిన అనేవారు, నేనూ అలాగే పిలిచాను. జీవితమంతా వరి పొలాల్లో గట్ల మీద పరుగులు తీసిన మనిషి, ఇప్పుడు మంచం మీద కాలు చాపుకొని దాన్ని పసిబిడ్డను కాపాడినట్టు కాపాడుకుంటున్నాడు. "పెద్దనాయినా, మడమ నెమ్మదిగా వెనక్కి లాగండి" అంటే, "మీది కోదాడ దిక్కా బిడ్డా? నీ అండీలు నా మోకాలికి సమజైతలేవు" అనేవాడు. చెయ్యి వేయబోతే చాలు, "ఆగాగు, ముందు చాయ తాగు" అనేవాడు. చాయ అయ్యాక కాలువకు నీళ్లెప్పుడు వదులుతారో, ఏ పొలం ముందు తడుస్తుందో వివరించేవాడు. అంతలో నా బస్సు టైమయ్యేది. వారం గడిచినా మోకాలు అరవై దగ్గరే ఉంది.

ఎనిమిదో రోజు ఆయనే, "అసలెట్ల చెయ్యాల్నో తెలుస్తలేదు. ఒకపారి నువ్వు చేసి సూపెట్టు" అన్నాడు. దారికొచ్చాడని మురిసిపోయి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి నేనే మంచమెక్కి, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టుకున్నాను. ఆయన చేతికర్ర నేలకు కొడుతూ లెక్కపెట్టాడు. "ఒకటి... రెండు... ఇంక జర వంచు బిడ్డా, భయపడకు!" (అవి నేను ఆయనకు చెప్పాల్సిన మాటలేనని పన్నెండో లెక్క దాకా తట్టలేదు.) "ఇంకొక్కపారి సూపెట్టు" అంటే మర్నాడూ అదే సాగింది. ఆ మర్నాడు పలకరించడానికొచ్చిన పక్కింటావిడ గుమ్మంలోనే నిలబడిపోయి, "అయ్యో, గీ పిల్లకేమైంది? అసలు ఆపరేషన్ ఎవ్వలకయింది?" అంది.

మంచం మీంచి దూకాను. సిగ్గుతో, భయంతో ఏడుపొచ్చేసింది. "ఇంకో నాలుగు రోజుల్లో వంగకపోతే మీకు మళ్లీ మత్తిస్తారండీ! నన్నిక ఎవరింటికీ పంపరు!" అన్నాను. పెద్దనాయిన ముఖంలో నవ్వు పోయింది. పక్కింటావిడకు వినపడకుండా, "నొస్తదని భయమైతుంది బిడ్డా" అన్నాడు. అంత పెద్దమనిషి నోట ఆ మాట వినేసరికి నా ఏడుపు ఆగిపోయింది.

అప్పుడు వంటింట్లోంచి ఆయన భార్య పెద్దమ్మ వచ్చింది. "ఈ పిల్ల చెప్పినయన్నీ తలుపు సాటు నుంచి ఇని, మధ్యాహ్నం సాపేసుకొని నేను చేస్తున్న. ఇటు సూడు" అని పీట మీద కూర్చుని, గోడ పట్టుకోకుండా లేచి నిలబడింది. గోడ సాయం లేకుండా ఆమె లేచి ఏళ్లయిందట. పెద్దనాయిన ఆమె కాళ్ల వంక చూశాడు, తన కాలి వంక చూసుకున్నాడు. మెల్లగా మంచమెక్కి, "రా బిడ్డా, యాడ పట్టుకుంటవో పట్టుకో" అన్నాడు. ఆ రోజు ఆయన పెట్టిన కేకకు వీధి వీధంతా వచ్చింది.

పద్నాలుగో రోజు కొలిస్తే తొంభై రెండు! "పెద్దమ్మది కూడా కొలవనా?" అంటే, "వద్దు వద్దు" అన్నాడు కంగారుగా. చివరి రోజు కర్ర పట్టుకుని బస్సు దాకా వచ్చి, కండక్టరుతో, "మా డాక్టరమ్మ. జర సీటియ్యి, నాకోసం మస్తు కష్టపడ్డది" అని నవ్వు దాచుకున్నాడు.

ఇప్పుడు మిర్యాలగూడలో నాకు సొంత క్లినిక్ ఉంది. ఎవరు ఎన్ని ముచ్చట్లు చెప్పినా లొంగకుండా మోకాళ్లు వంచేస్తాను. కానీ ఆ సాయంత్రం గెలుపంతా తనదే అన్నట్టు బస్సు కిటికీ పక్కన నిటారుగా కూర్చున్న ఆ పిల్ల గుర్తొస్తే ముద్దొస్తుంది. ఆ ఇంట్లో అసలు వైద్యం చేసింది పెద్దమ్మేనని దానికి తెలియడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.